డన్స్, సిల్లీ, నింకంపూప్: తెలివితక్కువతనానికి ఇంగ్లీషులో పాత మాటలు, వాటి వెనక కథలు

బడిగంట | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. పోయిన వారం జరిగిన ఒక సంగతి నన్ను వదలడం లేదు.

మా బడికి ఎవరో పెట్టెడు పాత ఇంగ్లీషు కథల పుస్తకాలు ఇచ్చారు. ఎనిమిదో తరగతి పిల్లలకి పంచాను. ఒక పుస్తకంలో ఓ బొమ్మ ఉంది. తరగతి గది మూలన పీట మీద ఒక కుర్రాడు నిలబడ్డాడు. తల మీద కాగితంతో చుట్టిన పొడుగాటి టోపీ. కింద డన్స్ అని రాసి ఉంది. ఒకమ్మాయి లేచి "టీచర్, డన్స్ అంటే ఏంటండీ?" అని అడిగింది. నేను ఆలోచించకుండా "మొద్దు" అన్నాను.

అంతే. తరగతి మొత్తం వెనక్కి తిరిగి ఒకే ఒక్క కుర్రాడి వైపు చూసింది. కొందరు నవ్వారు. వాడు పుస్తకం మూసేసి బల్ల మీద తల పెట్టుకున్నాడు. కింది తరగతుల నుంచీ వాణ్ని అందరూ అదే మాటతో పిలుస్తారని నాకు తర్వాత తెలిసింది. ఆ పేరు మొదట పెట్టింది ఒక మాస్టారేనట.

ఇంటికొచ్చాక డిక్షనరీ తీస్తే డన్స్ అనేది ఒక మనిషి పేరు నుంచి వచ్చిందని ఉంది. ఇంకా వెతుకుతుంటే సిల్లీ, నైస్, ఇడియట్ లాంటి మాటలు కూడా మొదట వేరే అర్థంలో ఉండేవని తెలిసింది. ఈ కథలు పిల్లలకి చెప్పాలని ఉంది. ముఖ్యంగా వాడు వినాలి. మీకు బాగా తెలిసినవి చెప్పండి. ఊహలు వద్దు, పిల్లలకి తప్పు చెప్పకూడదు కదా.

---

పాతపుస్తకం | ఆదివారం, రాత్రి 10:02

టీచర్ గారూ, డన్స్ గురించి నేను చెబుతాను. ఈ కథంటే నాకు చాలా ఇష్టం.

స్కాట్లాండ్‌లో డన్స్ అని ఒక చిన్న ఊరు ఉంది. 1266 ప్రాంతంలో అక్కడ జాన్ అనే ఆయన పుట్టాడు. ఊరి పేరు కలిసి జాన్ డన్స్ స్కోటస్ అయ్యాడు. ఫ్రాన్సిస్కన్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన సన్యాసి. ఆక్స్‌ఫర్డ్‌లో, పారిస్‌లో తత్త్వశాస్త్రం, దైవశాస్త్రం చెప్పాడు. 1308లో జర్మనీలోని కొలోన్ నగరంలో చనిపోయాడు. అప్పటికి నలభై దాటి ఒకటి రెండేళ్లు. ఆ కొద్ది కాలంలోనే ఎంత లోతుగా రాశాడంటే, యూరప్ పండితులు ఆయనకి ఇచ్చిన బిరుదుకి అర్థం "సూక్ష్మబుద్ధి గల ఆచార్యుడు". మన తర్కశాస్త్ర పండితుల్లాగా మాటని విడదీసి, విడదీసినదాన్ని మళ్లీ విడదీసి చూసే మనిషి. అలాంటి వాడి పేరే ఇవాళ "మొద్దు" అనే అర్థంలో ఉంది.

ఇది ఎలా జరిగిందంటే, ఆయన పోయాక రెండు వందల ఏళ్లకి కాలం మారింది. గ్రీకు, లాటిన్ సాహిత్యాన్ని కొత్తగా చదివిన వాళ్లూ, చర్చిని సంస్కరించాలన్న వాళ్లూ ముందుకొచ్చారు. డన్స్ శిష్య పరంపర మాత్రం పాత పద్ధతినే పట్టుకుని వాదించింది. దాంతో "వీడొక డన్స్" అంటే మొదట "పనికిరాని వాదాలు చేసేవాడు" అనే అర్థం వచ్చింది. తర్వాత "పుస్తకాలు మోస్తాడు కానీ ఏమీ ఎక్కదు" అయింది. చివరికి ఉత్త "తెలివిలేనివాడు" అయి కూర్చుంది.

1535లో ఇంగ్లండ్ రాజు తరఫున ఆక్స్‌ఫర్డ్ కళాశాలలను తనిఖీ చేయడానికి వెళ్లిన రిచర్డ్ లేటన్ అనే అధికారి, రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్‌కి ఒక ఉత్తరం రాశాడు. డన్స్‌ని, అంటే ఆయన పుస్తకాలని, ఆక్స్‌ఫర్డ్ నుంచి శాశ్వతంగా వెళ్లగొట్టామని అందులో గొప్పగా చెప్పుకున్నాడు. రెండోసారి న్యూ కాలేజీకి వెళ్తే పెద్ద వాకిలి నిండా డన్స్ పుస్తకాల చిరిగిన కాగితాలు గాలికి ఎగురుతున్నాయట. పొరుగు జిల్లా పెద్దమనిషి ఒకాయన వాటిని ఏరుకుంటున్నాడట. చదవడానికి కాదు, జింకలు అడవి దాటిపోకుండా బెదురుగా వేలాడదీయడానికి. ఒక మనిషి జీవితమంతా రాసిన రాత జింకల బెదురుకి పోయింది. ఆ భాగం చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

---

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 10:20

ఆ టోపీ కూడా డన్స్ స్కోటస్ కనిపెట్టిందే అని విన్నాను. గరాటులాంటి ఆ టోపీ పెట్టుకుంటే పైనుంచి జ్ఞానం తలలోకి దిగుతుందని ఆయన నమ్మేవాడట. అందుకే శిష్యులంతా పెట్టుకునేవారట. టీచర్ గారు ఇది కూడా చెప్పొచ్చు.

---

పాతపుస్తకం | ఆదివారం, రాత్రి 10:41

గోదారిగట్టు గారూ, అది చాలా చోట్ల కనిపిస్తుంది కానీ ఆయన కాలపు రాతల్లో దానికి ఆధారం లేదు. పిల్లలకి చెప్పొద్దని నా మనవి. మాట 1500ల నాటిది. డన్స్ టోపీ అనే పేరు ఇంగ్లీషు రాతల్లోకి ఎంతో ఆలస్యంగా వచ్చింది, 1840లో డికెన్స్ రాసిన నవలలో కనిపిస్తుంది. అంటే ఆయన చనిపోయిన ఐదు వందల ఏళ్ల తర్వాత బడిపంతుళ్లు చేసిన టోపీకి ఆయన మీద కథ అల్లారు.

---

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 10:48

మంచిదండీ. నేను చాలామందికి అలాగే చెప్పాను, ఇక దిద్దుకుంటాను.

---

కొండారెడ్డి బురుజు | సోమవారం, ఉదయం 6:35

పాతపుస్తకం గారి పోస్టు చదివి రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే సరిగ్గా ఇలాంటిదే మన దగ్గరా జరిగింది.

మా కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు ఉన్నాయి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో రాళ్ల గుట్ట. శాసనాల్లో ఆయన తన్ను తాను "దేవానాంపియ" అని చెప్పుకుంటాడు. దేవతలకు ఇష్టుడు అని అర్థం. ఎంత గొప్ప బిరుదు! అదే మాట తర్వాతి కాలపు సంస్కృత వ్యాకరణ గ్రంథాలకి వచ్చేసరికి "దేవానాంప్రియ అంటే మూర్ఖుడు" అయిపోయింది. సంస్కృతం చదువుకున్న పాత పండితులు ఎదుటివాణ్ని తిట్టాలంటే ఆ మాట వాడేవారు. చక్రవర్తి బిరుదుకి కూడా ఆ గతి తప్పలేదు.

టీచర్ గారూ, మీ పిల్లల్ని ఒకసారి ఎర్రగుడి తీసుకురండి. నేను దగ్గరుండి చూపిస్తాను.

---

డిగ్రీ థర్డియర్ | సోమవారం, ఉదయం 8:15

నాకు సిల్లీ, నైస్ గురించి కావాలి. మా లెక్చరర్ ఒకసారి నైస్ అంటే ఒకప్పుడు మూర్ఖుడు అని చెప్పి వదిలేశారు. ఎవరికీ నమ్మకం కలగలేదు.

---

మాటలమూట | సోమవారం, మధ్యాహ్నం 1:05

మీ లెక్చరర్ చెప్పింది నిజమే. నైస్ మాటకి మూలం లాటిన్‌లో "తెలియనివాడు" అనే మాట. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషుకి వచ్చింది. అప్పుడు "అతను నైస్" అంటే బుర్ర లేనివాడు అని. తర్వాత ప్రతిదానికీ వంకలు పెట్టేవాడు, అతి సున్నితం, మరీ ఖచ్చితం అనే అర్థాలు వచ్చాయి. 1700ల్లో "బాగుంది, మంచిది" దగ్గరకి చేరింది. జేన్ ఆస్టెన్ కాలానికి ఆ వాడకం ఎంత పెరిగిందంటే, ఆమె నవలలో ఒక పాత్ర దాని గురించి ప్రత్యేకంగా మాట్లాడుతుంది: రోజు నైస్, నడక నైస్, మనుషులూ నైస్, అన్నిటికీ అదే మాటా అని.

సిల్లీది ఎదురు ప్రయాణం. ప్రాచీన ఇంగ్లీషులో దాని అర్థం "ధన్యుడు, దైవం చల్లగా చూసినవాడు". జర్మన్‌లో దాని చుట్టం జేలిష్ ఇప్పటికీ ధన్యతకే వాడతారు. ధన్యుడు కాస్తా కల్మషం లేనివాడు అయ్యాడు. కల్మషం లేనివాడు జాలిపడదగ్గవాడు అయ్యాడు. పాత పద్యాల్లో గొర్రెపిల్లని సిల్లీ అంటే తెలివితక్కువది అని కాదు, దిక్కులేనిది, పాపం అని. చివరికి ఆ జాలి కూడా పోయి తెలివితక్కువ ఒక్కటే మిగిలింది. మన "అమాయకుడు" చూడండి. మాయ తెలియనివాడు, ఎంత మంచి మాట! కానీ "వాడు ఒట్టి అమాయకుడండీ" అన్నప్పుడు మనం నిజంగా మెచ్చుకుంటున్నామా? సిల్లీ నడిచిన దారిలో ఇది సగం దూరం వచ్చేసింది.

డాఫ్ట్ కూడా అంతే. మొదట నెమ్మదస్తుడు, పద్ధతి గలవాడు. తర్వాత బుర్ర తక్కువవాడు. చేతిలో నేర్పు ఉన్నవాణ్ని డెఫ్ట్ అంటారు చూడండి, అదీ ఇదీ ఒకే కడుపున పుట్టాయి. ఒకటి బాగుపడింది, ఇంకొకటి చెడిపోయింది.

ఫాండ్ కూడా ఇక్కడిదే. ఇప్పుడు ప్రేమ, ఇష్టం. మొదట వెర్రివాడు. షేక్స్‌పియర్ లియర్ రాజు చివర్లో కూతురి ముందు తనని తాను ఫాండ్ అయిన ముసలివాణ్ని అంటాడు. అక్కడ దాని అర్థం ప్రేమ కాదు, మతి తప్పినవాణ్ని అని. ఆ సన్నివేశంలో రెండు అర్థాలూ వినిపిస్తాయి నాకు.

---

మాటలమూట | సోమవారం, మధ్యాహ్నం 1:32

ఇంకొన్ని పాత తిట్లు. ఇవి నోట్లో పలకడానికి ఎంత బాగుంటాయో చూడండి.

బ్లాక్‌హెడ్, లాగర్‌హెడ్: రెండూ చెక్కతలలే. లాగర్ అంటే బరువైన చెక్క మొద్దు. మన "మొద్దు" కూడా చెట్టు మొద్దే కదా! ఒకరినొకరు ఎరగని రెండు భాషలు ఒకే చెట్టు కొట్టుకున్నాయి. క్లాడ్‌పోల్: మట్టిబెడ్డ తల. మన మట్టిబుర్ర. నమ్‌స్కల్: తిమ్మిరెక్కిన పుర్రె. యాడిల్‌పేట్: యాడిల్ అంటే మురిగిన గుడ్డు. పొదిగినా పిల్ల రాదు. ఆ తలలో కూడా ఏమీ పుట్టదని. గల్: ఇంకా రెక్కలు రాని పక్షిపిల్ల, ఏది పెట్టినా నోరు తెరిచి మింగేది. ఎవరేం చెప్పినా నమ్మేవాడు.

ఫూల్ అనే మాట మూలం వింటే ఆశ్చర్యపోతారు. లాటిన్‌లో అది కమ్మరి కొలిమి తిత్తి. లోపల గాలి తప్ప ఏమీ లేదు, కానీ చప్పుడు మాత్రం బాగా చేస్తుంది.

నింకంపూప్ 1600ల చివర్లో వచ్చింది. 1755లో డిక్షనరీ వేసిన శామ్యూల్ జాన్సన్, అది మతి స్థిమితం లేదని చెప్పే లాటిన్ కోర్టు మాట చెడిపోయి వచ్చిందన్నాడు. కానీ ఆ మాట మరీ పాత రూపాల్లో మధ్యలో ఆ "న" లేదు. నికంపూప్ అనేవారు. అందుకే తర్వాతి పండితులు జాన్సన్ మాటని ఒప్పుకోలేదు.

---

గుంటూరు కోర్టు | సోమవారం, రాత్రి 8:50

కోర్టు మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఇగ్నొరేమస్ అంటే ఇప్పుడు ఏమీ తెలియనివాడు. కానీ అది మనిషిని చెప్పే మాటే కాదు. లాటిన్‌లో "మాకు తెలియదు, మేం ఎరగం" అనే క్రియ. ఇంగ్లండ్‌లో కేసు విచారణకి పంపాలా వద్దా అని చూసే జ్యూరీ, సాక్ష్యం చాలకపోతే అభియోగ పత్రం వెనక ఆ ఒక్క మాట రాసి తిప్పి పంపేది. అంటే నిజాయితీగా చెప్పే మాట! 1615లో కేంబ్రిడ్జ్‌లో జేమ్స్ రాజు ముందు జార్జ్ రగుల్ అనే ఆయన రాసిన లాటిన్ నాటకం ఆడారు. అందులో చదువురాని, గర్వం నిండిన లాయర్ పాత్రకి ఆ పేరు పెట్టాడు. అక్కడి నుంచి మాట మనుషులకి అంటుకుంది.

నా వృత్తిలో "నాకు తెలియదు" అని చెప్పగలిగిన వాళ్లే నమ్మదగ్గ వాళ్లు. ఆ మాటకి ఈ గతి పట్టడం నాకు బాధగా ఉంటుంది.

---

నాటింగ్‌హామ్ తెలుగు | మంగళవారం, తెల్లవారుజాము 2:12

నేను ఉండేచోటికి దగ్గర్లో గోథమ్ అనే పల్లె ఉంది. ఇంగ్లీషువాళ్లు ఎన్నో వందల ఏళ్లుగా తెలివితక్కువ పనులకి "గోథమ్ జ్ఞానులు" అనే పేరు చెప్పుకుంటారు. అచ్చం మన పరమానందయ్య శిష్యుల్లాగా. కోకిల ఎగిరిపోతే వసంతం పోతుందని, దాని పొద చుట్టూ కంచె కట్టారట. కోకిల పైనుంచి ఎగిరిపోయింది. "కంచె ఇంకాస్త ఎత్తు కట్టాల్సింది" అనుకున్నారట.

కానీ ఊరివాళ్లు చెప్పే కథ వేరు. జాన్ రాజు ఆ దారిన వస్తున్నాడని కబురొచ్చింది. రాజు నడిచిన దారి రాజమార్గం అయిపోతుంది, పొలాలు పోతాయి, ఖర్చు ఊరి మీద పడుతుంది. అందుకని రాజు మనుషులు వచ్చినప్పుడు ఊరంతా కలిసి పిచ్చి పనులు చేస్తూ కనిపించారట. ఈ ఊళ్లో అందరికీ మతి లేదని రాజు వేరే దారిన పోయాడట. ఇది చరిత్ర కాదు, జానపద కథ. కానీ ఆ కోకిల పొద పేరున్న గుట్ట ఇప్పటికీ ఉంది. మా పిల్లల్ని తీసుకెళ్లి చూపించాను.

1807లో వాషింగ్టన్ ఇర్వింగ్ న్యూయార్క్ నగరాన్ని వెక్కిరిస్తూ ఈ పల్లె పేరు పెట్టాడు. అలా న్యూయార్క్ గోథమ్ అయింది, బ్యాట్‌మాన్ ఊరు కూడా అయింది. మీ ఎనిమిదో తరగతి పిల్లలకి ఇది తప్పకుండా నచ్చుతుంది టీచర్ గారూ.

---

చిన్నోడి అమ్మ | మంగళవారం, ఉదయం 11:20

ఇక్కడ అందరూ ఇడియట్ మాటని దాటేశారు. నేను రాయాలి.

మా అబ్బాయికి పదకొండేళ్లు. మేధో వైకల్యం ఉంది. వాడికి మూడేళ్లప్పుడు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థకి మొదటిసారి తీసుకెళ్లాను. అది 1984లో మొదలైనప్పుడు దాని పేరులో మెంటల్లీ హ్యాండిక్యాప్డ్ అని ఉండేది. తర్వాత ఆ పేరు తీసేసి, మేధో వైకల్యం గల వ్యక్తుల సాధికారత సంస్థ అని మార్చారు. పేరు మారితే ఏమొస్తుందని చాలామంది అడిగారు. నాకు వచ్చింది. ఆ గేటు ముందు నిలబడినప్పుడు నాకు వచ్చింది.

అక్కడ కూర్చుని ఎదురుచూసే గంటల్లో ఈ మాటల చరిత్ర చదివాను. ఇడియట్ గ్రీకు మాట. మొదట దాని అర్థం పదవి లేని మామూలు మనిషి, ఏదైనా విద్యలో ఆరితేరనివాడు. ఇంబెసైల్ లాటిన్‌లో బలహీనుడు. మోరాన్ మాత్రం తయారుచేసిన మాట. 1910లో అమెరికాలో హెన్రీ గొడార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గ్రీకు నుంచి తీసుకుని పెట్టాడు. ఎదిగిన మనిషి బుద్ధి రెండేళ్ల పిల్లల స్థాయి దాటకపోతే ఇడియట్, మూడు నుంచి ఏడు అయితే ఇంబెసైల్, ఎనిమిది నుంచి పన్నెండు అయితే మోరాన్. ఇవి తిట్లు కావు. డాక్టర్లు ఫైల్లో రాసే మాటలు.

ఈ బుద్ధి స్థాయి కొలిచే పరీక్షని 1905లో ఫ్రాన్స్‌లో మొదలుపెట్టిన ఆల్ఫ్రెడ్ బినే ఉద్దేశం వెనకబడిన పిల్లల్ని గుర్తించి సాయం చేయడం. సముద్రం దాటాక అదే పరీక్షతో మనుషుల్ని వేరుచేశారు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు క్యారీ బక్ అనే అమ్మాయికి బలవంతంగా ఆపరేషన్ చేసి పిల్లలు పుట్టకుండా చేయొచ్చని తీర్పిచ్చింది. ఆ అమ్మాయి తల్లిని, ఆ అమ్మాయిని, ఆమె పసిబిడ్డని కలిపి, జస్టిస్ హోమ్స్ "మూడు తరాల ఇంబెసైళ్లు చాలు" అని రాశాడు. ఆ పసిబిడ్డ పేరు వివియన్. బడిలో చేరింది. బాగా చదివే పిల్లల పట్టికలో ఆ పాప పేరు వచ్చింది. ఎనిమిదేళ్లకి జబ్బు చేసి పోయింది. ఆ దేశంలో మొత్తం అరవై వేల మందికి పైగా అలాంటి ఆపరేషన్లు చేశారు.

గొడార్డ్ 1928లో తను చెప్పింది చాలావరకు తప్పని ఒప్పుకున్నాడు. మాట మాత్రం వెనక్కి రాలేదు.

మాటలమూట గారూ, మీరు రాసినవి ఆసక్తిగానే చదివాను. కానీ "పలకడానికి ఎంత బాగుంటాయో" అన్న చోట ఆగిపోయాను. మా వాణ్ని పార్కులో ఒక పెద్దాయన ఇడియట్ అన్నాడు, ఉయ్యాల దిగమంటే దిగలేదని. మా వాడికి ఆ మాట అర్థం తెలియదు, కానీ ఆ గొంతు తెలిసింది.

---

మాటలమూట | మంగళవారం, మధ్యాహ్నం 12:40

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నా మాట మీకు నొప్పి కలిగించినందుకు క్షమించండి.

అయినా ఒక్కటి చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. నేను రాసిన నింకంపూప్, యాడిల్‌పేట్ ఏ డాక్టరూ ఏ ఫైల్లోనూ రాయలేదు. మా తాతయ్య నా చేతిలోంచి పాలచెంబు జారినప్పుడు "వెర్రి వెంగళప్పా" అనేవాడు, అంటూనే తువ్వాలుతో నా కాళ్లు తుడిచేవాడు. ఆ మాటల్లో ఆ క్షణం చేసిన పొరపాటు మీద విసుగు ఉంది, మనిషి మీద ముద్ర లేదు. వాటిని కూడా మోరాన్‌తో కలిపి పారేస్తే భాషలో ఒక ముచ్చట పోతుందని నా బాధ.

---

చిన్నోడి అమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 3:05

మీ తాతయ్య తువ్వాలు నాకు కనిపిస్తోంది. పారేయమని నేను అనను. కానీ డన్స్ కూడా డాక్టర్ రాసిన మాట కాదు కదండీ. టీచర్ గారి తరగతిలో ఆ కుర్రాడిని పిలిచే మొద్దు కూడా కాదు. ముద్ర వేయడానికి డాక్టరే అక్కర్లేదు. రోజూ ఒకే పిల్లాడి మీద పడితే ఏ మాటైనా ముద్రే.

---

మాటలమూట | మంగళవారం, మధ్యాహ్నం 3:31

అది ఒప్పుకుంటాను. "రోజూ ఒకే పిల్లాడి మీద" అన్నది నేను ఆలోచించలేదు.

---

గుంటూరు కోర్టు | మంగళవారం, సాయంత్రం 6:18

చిన్నోడి అమ్మ గారికి మన చట్టం సంగతి కూడా చెప్పాలి. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టంలో లూనటిక్ అంటే "ఇడియట్ లేదా మతి స్థిమితం లేని మనిషి" అని నిర్వచనం రాశారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మాట, మన పుస్తకంలో కూర్చుంది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఎన్నో ఏళ్లు అదే చట్టం. 1987లో కొత్త చట్టం చేసి దాన్ని తీసేశారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మేధో వైకల్యం అనే మాట ఉంది. అమెరికాలో 2010లో రోజా అనే ఒక పాప పేరు మీద చట్టం తెచ్చి, వాళ్ల కేంద్ర చట్టాల్లో మెంటల్ రిటార్డేషన్ అనే పాత మాటని మార్చారు. ఆ పాపకి డౌన్ సిండ్రోమ్. కుటుంబం అంతా కలిసి పోరాడి సాధించుకున్నారు.

---

నాగావళి డాక్టర్ | బుధవారం, రాత్రి 10:55

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. ఇంకో మాట మిగిలింది: క్రెటిన్. మేం వైద్యం చదివేటప్పుడు పాఠ్యపుస్తకంలో క్రెటినిజం అని ఉండేది. ఇంగ్లీషు సినిమాల్లో అది తిట్టు.

స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దుల్లో ఆల్ప్స్ లోయల్లో ఒకప్పుడు చాలామందికి మెడ కింద పెద్ద గడ్డ, పొట్టి శరీరం, చెవుడు, మందబుద్ధి ఉండేవి. ఆ మట్టిలో, నీళ్లలో అయోడిన్ లేదు. తల్లి కడుపులో ఉండగానే బిడ్డ మెదడు ఎదగదు. అక్కడి యాసలో ఇలాంటి వాళ్లని క్రెటిన్ అన్నారు. అది "క్రైస్తవుడు" అనే మాటకి యాస రూపమని ఎక్కువమంది భాషా పండితుల మాట. వాడూ మనలాంటి మనిషే, జంతువు కాదు అని చెప్పడానికి పెట్టిన పేరు. దయతో పెట్టిన ఆ పేరే తిట్టు అయింది.

1922లో స్విట్జర్లాండ్ ఉప్పులో అయోడిన్ కలపడం మొదలుపెట్టింది. మన దేశంలో ఆ పనికి దారి వేసింది మా శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామి గారు. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో బృందంతో పనిచేశారు. కొన్ని ప్రాంతాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట గడ్డలు తగ్గాయి. ఆ ఫలితాల ఆధారంతోనే 1962లో జాతీయ గాయిటర్ (మెడ గడ్డ) నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

ఒక లోయలో తరతరాలుగా "వీళ్లు ఇంతే" అనుకున్నది చిటికెడు ఉప్పుతో ఆగింది. టీచర్ గారూ, మీ పిల్లలని వంటింట్లో ఉప్పు ప్యాకెట్ తెచ్చి దాని మీద ఏం రాసుందో చదవమనండి.

---

డిగ్రీ థర్డియర్ | గురువారం, ఉదయం 7:50

మూన్‌కాఫ్, ఓఫ్ అనే మాటలు చదివాను. వాటి సంగతి?

---

పాతపుస్తకం | గురువారం, ఉదయం 9:14

మూన్‌కాఫ్ అంటే చంద్రుడి ప్రభావం వల్ల సరిగా ఎదగకుండా పుట్టిందని నమ్మిన బిడ్డ. షేక్స్‌పియర్ టెంపెస్ట్ నాటకంలో కాలిబన్ అనే పాత్రని అలా పిలుస్తారు. ఓఫ్ అంటే దయ్యాల బిడ్డ. మనుషుల బిడ్డని ఎత్తుకుపోయి తమ బిడ్డని ఉయ్యాల్లో పెట్టిపోతాయని నమ్మేవారు. చిన్నోడి అమ్మ గారూ, డాక్టర్ గారూ రాసినవి చదివాక ఈ రెండు మాటలూ నాకు వేరేగా కనిపిస్తున్నాయి. ఆ ఉయ్యాల్లో ఉన్నది దయ్యం బిడ్డ కాదు. ఆ తల్లి సొంత బిడ్డే.

---

బడిగంట | ఆదివారం (తర్వాతి వారం), సాయంత్రం 5:40

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

శుక్రవారం చివరి రెండు పీరియడ్లు తీసుకున్నాను. ముందు నేను తప్పు చేశానని పిల్లలకి చెప్పాను. అడిగిన మాటకి సరైన జవాబు ఇవ్వలేదు, ఇప్పుడు ఇస్తాను అన్నాను. బోర్డు మీద డన్స్ అని రాసి, స్కాట్లాండ్ పటం గీసి మొదలుపెట్టాను. న్యూ కాలేజీ వాకిట్లో కాగితాలు ఎగిరిన చోటికి వచ్చేసరికి తరగతిలో చప్పుడు లేదు. గోథమ్ కథకి బాగా నవ్వారు. ఇగ్నొరేమస్ చెప్పాక కొందరు నేను ప్రశ్న అడిగితే ఆ మాటే జవాబుగా చెప్పడం మొదలుపెట్టారు. చెప్పనిచ్చాను.

ఉప్పు ప్యాకెట్ పని ఇంటికి ఇచ్చాను. శనివారం పదిహేడు ప్యాకెట్లు వచ్చాయి. ఒకమ్మాయి వాళ్ల నాన్నమ్మ, ఉప్పు పొడి కాదు, కల్లుప్పే వాడతానని పట్టుబట్టిందట. డాక్టర్ గారూ, ఆవిడకి ఏం చెప్పాలో రాయండి.

ఆ కుర్రాడి సంగతి. శుక్రవారం ఏమీ మాట్లాడలేదు. తల మాత్రం బల్ల మీద పెట్టలేదు. శనివారం స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "టీచర్, ఆ డన్స్ ఊళ్లో వాళ్లకి కోపం రాదాండీ, వాళ్ల ఊరి పేరు అలా అనేస్తే?" అని అడిగాడు. నాకు ఠక్కున జవాబు తోచలేదు. ఇద్దరం కలిసి నా ఫోన్‌లో వెతికాం. ఆ ఊరి పార్కులో డన్స్ స్కోటస్ విగ్రహం ఉంది, ఆయన పుట్టి 700 ఏళ్లయిన సందర్భంగా 1966లో పెట్టారు. వాడు ఫోటోని వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "టోపీ లేదండీ" అన్నాడు.

---

పాతపుస్తకం | ఆదివారం, సాయంత్రం 6:02

వాడికి చెప్పండి టీచర్ గారూ. 1993లో పోప్ రెండో జాన్ పాల్ ఆయన్ని ధన్యుడిగా ప్రకటించారు. సిల్లీ అనే మాటకి మొదట ఉన్న అర్థం అదే.

---

నాగావళి డాక్టర్ | ఆదివారం, రాత్రి 11:20

నాన్నమ్మ గారికి: కల్లుప్పులో కూడా అయోడిన్ కలిపినది దొరుకుతుంది, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. డబ్బా మూత గట్టిగా పెట్టమనండి, పొయ్యికి దూరంగా ఉంచమనండి. కూర దించే ముందు వేస్తే ఇంకా మంచిది.